గేటు దగ్గర ఆపిన నూనె డబ్బా

ఆ వాటర్ పార్కులో అన్నిటికన్నా ఎత్తయిన జారుడు మీది నుంచి రెండు చేతులూ పైకెత్తి జారిన ముసలివాణ్ణి నేనొక్కణ్ణే. నేను నీళ్లలో పడ్డప్పుడు లేచిన అలకు గట్టు మీద కూర్చున్నవాళ్ల చెప్పులు కొట్టుకుపోయాయి. ఈల ఊదే పిలగాడు ఈల పక్కన పెట్టి చప్పట్లు కొట్టాడు. సిద్దిపేటలో మేం పొద్దున్నే చాయ్ తాగే హోటల్లో ఈ సంగతి చాలాసార్లు చెప్పాను. చెప్పిన ప్రతిసారీ జారుడు ఇంకొంచెం ఎత్తు పెరిగింది. అక్కడ కూర్చునే నా ఈడువాళ్లలో ఒక్కరూ ఆ పార్కు చూడలేదు. అది నాకు కలిసొచ్చింది.

అసలు మేం అక్కడికి ఎందుకు పోయామో మాత్రం హోటల్లో చెప్పలేదు.

నేను నేతపనివాణ్ణి. మగ్గం దిగి చాలా ఏండ్లయింది. మా ఒక్కగానొక్క కొడుకు ఈ మగ్గం కడుపు నింపదని బొంబాయి దగ్గరి భీవండి పోయి, అక్కడ మరమగ్గాల మీద పనిచేశాడు. అక్కడే జ్వరం పట్టుకుంది. కబురు తెలిసి మేం రైలెక్కేలోపే పోయాడు. వాడికి ముగ్గురు పిల్లలు. పెద్దమ్మాయి ఇప్పుడు తొమ్మిదో తరగతి. నడిమివాడు నాలుగు చదువుతున్నాడు. చిన్నది ఇంకా బడి ముఖం చూడలేదు, తండ్రి ముఖం కూడా ఎక్కువగా ఫోన్లోనే చూసింది. మా కోడలు మా దగ్గరే ఉండి, జాకెట్లు కుట్టి ముగ్గురినీ సాకింది.

ఈమధ్య కరీంనగర్ దిక్కు నుంచి ఆమెకు ఒక సంబంధం వచ్చింది. అతను బస్సు డ్రైవరు, భార్య చనిపోయింది, పిల్లలు లేరు. ముగ్గురినీ నా పిల్లలే అనుకుంటానని చెప్పి పంపాడు. కోడలు తల వంచుకుని నా ముందర నిలబడింది.

"మామా, మీరు వద్దంటే ఈ మాట గీడనే ఇడిసిపెడుత."

"వద్దని ఎట్లంట బిడ్డా. నీకేం ఈడు మీరిందా," అన్నాను.

ఇది మాత్రం నిజంగానే అన్నాను. దీనికి సాక్షులున్నారు.

పెండ్లి కొమురవెల్లి మల్లన్న దగ్గర చేద్దామనుకున్నారు. చిన్నవాళ్లిద్దరూ తల్లి వెంట పోవాల్సినవాళ్లే. పెద్దదాని దగ్గర మాట ఆగింది. దాని దోస్తులూ బడీ ఇక్కడే. పదో తరగతి పూర్తయ్యేదాకా మా దగ్గర ఉంటే ఉండొచ్చు, తల్లితో పోతే పోవచ్చు. "అది ఎట్లంటే అట్ల," అంది కోడలు. ఆదివారం దాటితే బళ్లో చెప్పేయాలి.

దాని మనసు నా దిక్కు తిప్పుకోవడానికి నాకు ఆ ఆదివారం ఒక్కటే మిగిలింది. అది నోరు తెరిచి ఏదీ అడిగే పిల్ల కాదు. ఎప్పుడో ఒకసారి, దోస్తులు వాటర్ పార్కుకు పోయొచ్చారని, వానాకాలమైనా ఎండాకాలమైనా లోపల ఒకటే తీరుగా ఉంటుందని, పైన కప్పు ఉంటుందని చెప్పి ఊరుకుంది. నేను ఆ మాట పట్టుకున్నాను. దాన్ని ఒక్కదాన్నే తీసుకుపోదామని నా ఆలోచన. మా ఇంటామె సాగనివ్వలేదు.

"దాన్నొక్కదాన్నే కొంటవోతె మిగిలినోళ్లు పిల్లలు గారా? పోతె అందరం పోదాం. నేను గూడ వస్త. నిన్ను నమ్మి నీళ్లకు తోలుతనా?"

అట్లా అయిదుగురం బస్సెక్కాం. హైదరాబాద్ దారిలో ములుగు దాటాక హైవే పక్కన దిగాం. నా సంచిలో ఒక ఖాళీ నూనె డబ్బా, ఒక తాడు ఉన్నాయి.

మా దిక్కు ఈత బాయిలోనే నేర్పుతారు. ఖాళీ డబ్బాకు మూత గట్టిగా బిగించి పిల్లల వీపుకు కడతారు. నడుముకు తాడు వేసి, రెండో కొస పెద్దవాళ్లు గట్టు మీద పట్టుకుంటారు. ఆ తర్వాత పిల్ల ఏడ్చినా మొత్తుకున్నా నీళ్లలోకి తోసేయడమే. అక్కన్నపేట దగ్గర మా బామ్మర్ది బాయిలో మా కొడుకు పెద్దదానికి ఇట్లాగే నేర్పాడు. తర్వాత నడిమివాడికి కూడా. ఇద్దరికీ ఇదే డబ్బా. చిన్నదానికి నేర్పేదాకా తను లేడు. దానికి నెత్తి మీద చెంబెడు నీళ్లు పోసినా భయమే. నీళ్లకు పోతూ డబ్బా లేకుండా పిల్లలను ఎట్లా తీసుకుపోతారో నాకు తెలియదు. అందుకే అటక మీది నుంచి దించి, దుమ్ము తుడిచి సంచిలో పెట్టాను.

గేటు దగ్గర సెక్యూరిటీ అతను సంచిలో చెయ్యి పెట్టాడు.

"తాత, నూనె లోపటికి తేవద్దు."

"నూనె గాదు కొడుకా. ఉత్త డబ్బ."

"ఉత్త డబ్బతోని ఏం పని?"

"ఈతకు."

అతను మూత తీసి వాసన చూశాడు. తాడు బయటికి లాగి దాని దిక్కూ నా దిక్కూ చూశాడు. "లోపట నీళ్లు నీ మోకాలు దాక ఉంటయి తాత. మునుగుదామన్నా మునగరు," అన్నాడు. వెనక వరుసలో ఉన్నవాళ్లు నవ్వారు. నడిమివాడు నా చొక్కా గుంజాడు. "తాత, ఇజ్జత్ తీస్తున్నవ్." డబ్బా, తాడు, మా ఇంటామె కట్టుకొచ్చిన సర్వపిండి మూట, మూడూ బల్ల మీద పెట్టించారు. పోయేటప్పుడు తీసుకోవాలట.

పెద్దది నవ్వలేదు. ఆ డబ్బా మీద చెయ్యి పెట్టి అతనితో, "ఇది మా బాపుది. పారేయకుండ్రి అన్నా," అంది.

లోపల అంతా పెద్ద రేకుల షెడ్డు. దవాఖానాలో అప్పుడే నేల తుడిచినట్టు వాసన. పిల్లల కేకలు పైన రేకులకు తగిలి మళ్లీ మన మీదనే పడతాయి. మన బట్టలతో నీళ్లలోకి దిగనివ్వరు, కిరాయి బట్టలు తొడుక్కోవాలి. నాకు మోకాళ్ల దాకా నిక్కరు, మీద సొరచేప బొమ్మ ఉన్న బనీను ఇచ్చారు. మా ఇంటామె ఆ బట్టలు ముట్టుకోలేదు. "నా చీర నాకుంటది," అని ప్లాస్టిక్ కుర్చీ గట్టు దాకా గుంజుకుని, పాదాలు మాత్రం నీళ్లలో పెట్టింది. కాసేపు చూసి, "నాట్లకు దిగినట్టున్నది. దీనికి టిక్కెటా," అంది.

పెద్దపిల్ల చిన్నదాన్ని చంకనుంచి దించలేదు. పిల్లల కోసం ఒక మూల ఏనుగు తొండం బొమ్మ నుంచి నీళ్లు పడే చిన్న మడుగు ఉంది. పొద్దంతా ఆ మడుగులోనే కూర్చుంది. చిన్నది దాని మెడ పట్టుకుని, నీటిచుక్క మీద పడితే కళ్లు మూసుకుంటోంది. నడిమివాడు ఎటు ఉరికాడో తెలియదు, మధ్యమధ్య వచ్చి పళ్లు కొరుకుతూ వణికి మళ్లీ ఉరికేవాడు. నేను పోయి పెద్దదాని పక్కన నీళ్లలో కూలబడ్డాను.

"రా బిడ్డా, మనిద్దరం ఆ పెద్ద జారుడుకు పోదాం. దోస్తులకు చెప్పుకోవద్దా?"

"చెల్లె ఏడుస్తది తాత."

"బాపమ్మ సూస్తది."

"బాపమ్మ దగ్గర ఊకోదు. రాత్రి గూడ నా చెయ్యి పట్టుకుంటెనే పంటది."

ఆ మాట నేను విననట్టే ఉన్నాను. "నువ్వు ఈడనే ఉంటె, మగ్గం గుంట పూడిపించి ఆ అర్ర నీకు చదువుకునేటందుకు ఇస్త. కిటికీకి కొత్త రెక్కలు పెట్టిస్త," అన్నాను. ఆ అర్రలో మా నాయిన నేశాడు, నేను నేశాను, భీవండి పోకముందు నా కొడుకు నేశాడు. ఎవరైనా మగ్గం తీసేద్దామంటే నేను అన్నం మానేసేవాణ్ణి.

అది నా ముఖం చూసింది. "మగ్గమెందుకు తీస్తవ్ తాత. ఉండనియ్," అంది.

అది ఉంటాననలేదు. పోతాననీ అనలేదు. నేను ఇంకా ఆశ వదల్లేదు. చివరికి నడిమివాడే అక్కనూ చెల్లెనూ, వెనక నన్నూ మెట్లెక్కించాడు. చిన్నది అక్క చంకలోనే పైకొచ్చింది. పైన జారుడు గొట్టం నోటి దగ్గర ఒక అమ్మాయి నిలబడి మనుషులను గాలి ట్యూబుల్లో కూర్చోబెట్టి తోస్తోంది. ఇద్దరు పట్టే ట్యూబు ఒకటి, ముగ్గురు పట్టే గుండ్రంది ఒకటి.

"నలుగురు ఒక్కదాంట్ల వద్దు తాత," అంది ఆ అమ్మాయి. "పాప పోవాలంటే గుండ్రందాంట్లనే. నడుమ కూసోవాలె, అటొకరు ఇటొకరు పట్టుకోవాలె."

"నేను, పెద్దది ఇద్దరిదాంట్ల పోతం," అన్నాను.

"మరి ఈ ఇద్దరు?"

"మెట్ల మీదికెంచి దిగి పోతరు."

నడిమివాడు అంతసేపు వరుసలో నిలబడి వచ్చినవాడు. వాడి ముఖం ఎట్లా అయిందో నేను చూడలేదు. చూడకూడదనే అటు తిరగలేదు. పెద్దది కోపం చేయలేదు. గుండ్రటి ట్యూబులో కూర్చుని చిన్నదాన్ని ముందర పెట్టుకుంది. "నువ్వు ఎదురుంగ కూసో. దాని కాళ్లు పట్టుకో. ఇడువకు," అని తమ్ముడికి చెప్పింది. నీళ్లంటే అంత భయపడే చిన్నది అక్క రొమ్ములో ముఖం దాచుకుంది గానీ ఏడవలేదు.

"తాత, నువ్వొక్కనివి వస్తవా?"

"వస్త. మీరు నడువుండ్రి."

ఆ అమ్మాయి తోసింది. ముగ్గురి కేకలు గొట్టంలో తిరుగుతూ తిరుగుతూ కిందికి పోయాయి. తర్వాత నీళ్ల చప్పుడు ఒక్కటే మిగిలింది.

"ఊ, కూసో తాత," అంది అమ్మాయి.

నేను గొట్టం లోపలికి చూశాను. తర్వాత మెట్ల వైపు తిరిగాను.

హోటల్లో చెప్పిన అల, చప్పట్లు, కొట్టుకుపోయిన చెప్పులు ఏవీ జరగలేదు. నేను జారలేదు. తడి మెట్ల మీద కమ్మీ పట్టుకుని నెమ్మదిగా దిగాను. ఎక్కే పిల్లలు గోడకు ఒరిగి నాకు దారిచ్చారు. ఒకడు "తాతకు భయమైందిరా" అన్నాడు. భయం కాదని రాద్దామనుకున్నాను, చిన్నప్పుడు మోటరు గది కప్పు మీది నుంచి బాయిలోకి దూకినవాణ్ణి కదా. కానీ భయమే. గొట్టం సంగతి కాదు. కింద వాళ్లు ముగ్గురూ ఒకచోట నిలబడి ఉంటారు. వాళ్ల పక్కన నా జాగ ఎక్కడో నాకు తెలియలేదు.

నేను దిగేసరికి చిన్నది నడుము దాకా నీళ్లలో తన కాళ్ల మీదే నిలబడి ఉంది. వెంట్రుకలన్నీ ముఖానికి అతుక్కున్నాయి. "మల్ల పోదాం అక్కా, మల్ల పోదాం," అని నీళ్లు కొడుతోంది. నీళ్లలో అది నవ్వడం మేం అదే మొదలు చూడటం. కుర్చీలో మా ఇంటామె కొంగు కళ్లకు అడ్డం పెట్టుకుంది. నీళ్లలో కలిపే మందు కళ్లలో పడిందని చెప్పింది.

బయటికి వచ్చేటప్పుడు సెక్యూరిటీ అతను డబ్బా, తాడు, మూట ఇచ్చేశాడు. బస్సు ఆగే చోట చప్టా మీద కూర్చుని సర్వపిండి తిన్నాం. మా ఇంటామె పెద్దదాని తల తుడుస్తోంది. చిన్నది దాని ఒళ్లోనే నిద్రపోయింది, గుప్పిట్లో అక్క వేలు ఉంది. పెద్దది ఆ చెయ్యి కదల్చకుండా రెండో చేత్తో డబ్బాను దగ్గరికి లాక్కుంది.

"తాత, ఈ డబ్బ నేను కొంటవోత. ఆ ఊర్ల గూడ బాయిలున్నయంట. చెల్లెకు నేర్పాలె."

ఇక నేను అడగాల్సింది ఏమీ మిగల్లేదు. నేను ఆ డబ్బాను నా చేతులతో దానికి ఇచ్చాను. తాడు కూడా చుట్టి ఇచ్చాను. తడిసినకొద్దీ బిగిసే ముడి, మేం మగ్గం మీద వేసేది, ఎట్లా వేయాలో చూపించాను. "ముగ్గురు కలిసే ఉండుండ్రి బిడ్డా. నా గురించి రంది వెట్టుకోకు," అన్నాను. అది తల ఊపింది. బస్సొచ్చింది.

పెండ్లయింది. ముగ్గురూ పోయారు. ఆదివారం ఆదివారం ఫోన్ చేస్తారు. చిన్నది ఇంకా బాయి దగ్గరికి రానంటుందట.

ఇదంతా రాసి మా ఇంటామెకు చదివి వినిపించాను. ఆమెకు చదువు రాదు. చింతపండులో గింజలు తీస్తూ చివరిదాకా విన్నది. సర్వపిండి దగ్గర "ఉప్పు తక్కువైంది ఆ దినం" అంది. నేను కాగితాలు మడుస్తుంటే అప్పుడు తల ఎత్తింది.

"జారుడు సంగతి ఒప్పుకున్నవు, మంచిదే. మరి డబ్బ సంగతి గట్లెందుకు రాసినవు? నువ్వేడ ఇచ్చినవు? 'ఇది నా కొడుకుది, నా ఇంట్లకెంచి పోదు' అని సంకల వెట్టుకొని అటు మర్లి కూసున్నవు. పిల్ల రోడ్డు మీద నిలవడి ఏడ్చింది. బస్సు వచ్చినంక నేనే నీ సంకలకెంచి గుంజి దాని చేతుల వెట్టిన. రాస్తె గది రాయి."