ఎంకవ్వకు మేమిచ్చిన విశ్రాంతి

మా అవ్వను మంచాన పడేసింది ముసలితనం కాదు. మేమే. దీన్ని ఇంతకంటే మెత్తగా చెప్పడం నాకు చేతకాదు.

ఆమె పేరు ఎంకవ్వ. మా బాపుకు తల్లి. వయసు డెబ్బై రెండు. పదకొండో ఏట చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుట్టడం మొదలుపెట్టింది. పెళ్లి, కాన్పులు, మా తాత చావు, అన్నీ ఆ చాట పక్కనుంచే నడిచిపోయాయి. ఎల్లారెడ్డిలో మా వాడ ఆడవాళ్లు ఎవరింట్లో వాళ్లు ఒంటరిగా బీడీలు చెయ్యరు. పొద్దున వంట కాగానే ఎవరి చాట వాళ్లు చంకన పెట్టుకుని మా ఇంటి దగ్గరే ఉండే భూమక్క ఇంటి ముందు రేకుల కిందికి చేరతారు. ఏడెనిమిది మంది గుండ్రంగా కూర్చుంటారు. వేళ్ల పని వేళ్లది, నోటి పని నోటిది. ఎవరి కోడలు అలిగింది, ఎవరి బర్రె ఈనింది, నిన్నటి సీరియల్లో అత్త ఏం కుట్ర చేసింది, అన్నీ అక్కడే తేలతాయి. సాయంత్రం ఇంటికొచ్చాక అవ్వ మర్నాడు బీడీలు చుట్టే తునికాకును నీళ్లతో తడిపి, తడి గోనెసంచిలో చుట్టి గోడ మూలన పెట్టేది. తడపకపోతే ఆకు పెళుసెక్కి విరిగిపోతుంది. రోజూ ఆమె చేసే చివరి పని అదే.

పోయినేడు బాపు కొత్త ఇల్లు కట్టాడు. బజారులో ఆయనకు చిన్న బట్టల దుకాణం ఉంది. ఇంటి నిండా తెల్లటి టైల్స్ వేయించాడు, వంగి చూస్తే మొహం కనబడేంత నునుపు. గృహప్రవేశానికి వచ్చినవాళ్లలో ఎవడో అన్నాడు: "గింత మంచి ఇల్లు కట్టినవు, తల్లితోని ఇంకా బీడీలు చేపిస్తున్నవా గంగారాం?" బాపుకు ఇజ్జత్ పోయినట్టయింది. అదే వారం అవ్వకు దగ్గు పట్టుకుంది. దొరికిన పుస్తకమల్లా చదివే అలవాటు నాది. బీడీల్లో నింపే తంబాకు దుమ్ము ఊపిరితిత్తుల్ని ఏం చేస్తుందో బాపుకు నేనే గట్టిగా చదివి వినిపించాను. చదివింది తప్పు కాదు. ఆ మర్నాడు చేసింది తప్పు. చాట తీసుకెళ్లి సజ్జ మీద పెట్టింది నేనే.

"నా చాట ఏదిరా?" అంది అవ్వ.

"ఇగ చాలవ్వా. అరవై ఏండ్లు చేసినవు. ఆరాంగ కూసోని టీవీ చూడు."

"అండ్ల వాళ్లు మాట్లాడుతరు సరే. నేను మాట్లాడితే వాళ్లింటరా?"

నేను నవ్వి బయటికి పోయాను.

మొదటి నెల ఆమె టీవీ చూసింది. రెండో నెల టీవీ వైపు మొహం పెట్టి కూర్చుంది, అంతే. పనికి పోకుండా ఉత్త చేతులతో భూమక్క ఇంటికి పోవడం ఆమెకు నామోషీ. అందరి వేళ్లూ ఆడుతుంటే తాను చేతులు ముడుచుకుని ఎట్లా కూర్చుంటుంది? పోవడం మానేసింది. బాపు దుకాణానికి, అమ్మ బజారులో కుట్టుమిషన్ పనికి, నేను నా తిరుగుడుకు. పగలంతా ఇల్లు ఆమెది, టైల్స్‌ది. "కాలు జారుతుందిరా, గోనెసంచులు పరవుండ్రి" అని ఒకసారి అడిగింది. "ఇల్లు గోదాం లెక్క అయితదవ్వా" అన్నాడు బాపు. గోడ పట్టుకుని నడిచేది. తర్వాత నడక తగ్గించింది. కదలని ఒంటికి ఆకలి ఎక్కడిది? పగలు కునుకు తీస్తే రాత్రి నిద్ర ఎక్కడిది?

నిద్ర పట్టడం లేదని కామారెడ్డి తీసుకుపోయాం. బస్సులో గంటకు పైగా ప్రయాణం, ఆస్పత్రిలో మూడు గంటలు ఎదురుచూపు, డాక్టరు దగ్గర రెండు నిమిషాలు. అవ్వ ఎదురుగానే కూర్చుంది. ఆయన బాపును అడిగాడు.

"తింటుందా?"

"తక్కువ సార్."

"మాట్లాడుతుందా?"

"అంతగనం లేదు సార్."

"వయసు కదా," అని రాసిచ్చాడు. బీపీ గోళీకి తోడు నిద్రగోళీ. తినేది ఆమె, నిద్ర పట్టనిది ఆమెకు. ఆమెను మాత్రం ఒక్క మాట అడగలేదు. పగలంతా ఏం చేస్తావమ్మా, ఎవరితో మాట్లాడతావు అని అడిగితే ఆయన సొమ్మేం పోయేది? వయసు అనే ఒక్క మాటతో అన్ని ప్రశ్నల్నీ మూసేశాడు. ఆయన్నెందుకు అనాలి? ఇంట్లో ఉన్న మేము మాత్రం అడిగామా?

వారం తిరక్కుండానే పొద్దున మత్తులో లేచి టైల్స్ మీద జారిపడింది. ఎముక విరగలేదు, తుంటి కమిలిపోయింది. నిద్రగోళీ ఆపేయించాం. నొప్పి పది రోజుల్లో పోయింది, భయం పోలేదు. మళ్లీ పడతానని మంచం దిగడమే మానేసింది. చూడవచ్చిన చుట్టాలు నాలుగు అరటిపళ్లు పెట్టి, ఆమె వింటుండగానే, "పెద్ద పానం, ఇంక గట్లనే ఉంటది" అనేసి వెళ్లిపోయారు. ఆమె గోడవైపు తిరిగి పడుకుంది.

ఆరో నెలలో ఒక ఆదివారం పొద్దున్నే భూమక్క వచ్చింది. చేతిలో తునికాకు కట్ట, కత్తెర. మంచం దగ్గర కూర్చుని అవ్వ చెయ్యి పట్టుకుంది. అవ్వ ఆ ఆకును వాసన చూసింది.

"వదినెను తీసుకపోత," అంది భూమక్క.

"ఏడికి అత్తా? దగ్గొస్తది ఆమెకు. తంబాకు మంచిది కాదు," అన్నాడు బాపు.

"తంబాకు మేం ఓ పక్కకు కూసోని నింపుకుంటం. ఆమె ఆకు కత్తిరిస్తది. ఉత్త ఆకుల తంబాకు దుమ్ము ఏడుంటది? ఓ పిలగా, గన్ని బుక్కులు చదివినవు, గిది రాయలేదా అండ్ల?"

నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. బీడీల ఇంట్లో పుట్టి పెరిగాను. ఆకు కత్తిరించడం వేరు, తంబాకు నింపడం వేరు అని నాకు తట్టనేలేదు. పని మొత్తాన్ని రోగమనుకుని, మనిషినే సజ్జ ఎక్కించాను.

"నలుగురు ఏమంటరు అత్తా? మంచాన ఉన్న తల్లితోని పని చేపిస్తుండు అనరా?" అన్నాడు బాపు.

"ఎవరయ్యా ఆ నలుగురు? పేర్లు చెప్పు, పోయి కలిసొస్త. ఆర్నెల్లాయె, ఒక్కడన్న వచ్చి ఈమెతోని ఒక్క గంట కూసున్నడా?"

అవ్వే మంచం మీద లేచి కూర్చుని, "నేను పోతరా," అంది.

మా గడప నుంచి భూమక్క ఇంటికి యాభై అడుగులుంటాయి. ఒకవైపు నేను, ఒకవైపు భూమక్క పట్టుకున్నాం. ఆరుసార్లు ఆగాం. రేకుల కింద ఆడవాళ్లు జరిగి చోటిచ్చారు. "వచ్చిందమ్మా మహారాణి, టైల్స్ దిగి!" అని ఒకామె అంటే అందరూ నవ్వారు. అవ్వ కత్తెర అందుకుంది. వేళ్లు బిగుసుకుపోయాయి. మొదటి ఆకు వంకరగా తెగింది. రెండోది కత్తెర తగలగానే పుటుక్కున విరిగింది. దాన్ని ఎత్తి చూపిస్తూ అంది: "ఈ ఆకు ఎవలు తడిపిండ్రే? చేతులకు రోగమొచ్చిందా? అప్పడం లెక్క ఇరుగుతుంది!"

అన్ని నెలల్లో ఆమె నోట విన్న అతి పొడవైన మాట అదే. ఆ ఆకు తడిపి తిట్టు తిన్న భూమక్క కోడలు పడీపడీ నవ్వింది.

ఇప్పుడు రోజూ పోతుంది. మొదట మా భుజాలు పట్టుకుని, తర్వాత కర్రతో. మధ్యాహ్నం అక్కడే నలుగురితో కలిసి అన్నం తింటుంది. దగ్గు పూర్తిగా పోలేదు, మోకాళ్లు నొప్పే, బీపీ గోళీ వేసుకుంటూనే ఉంది. ఆమె మళ్లీ పడుచుదైపోయిందని నేను అబద్ధం రాయను. మేము పోగొట్టిన ఆ ఆరు నెలలు ఆమెకు ఎవరిస్తారు? వయసు కదా అన్న పెద్దమనుషులు ఇస్తారా? నేనిస్తానా?

మొన్న సాయంత్రం అవ్వ ఆకు కట్ట చంకన పెట్టుకుని ఇంటికొచ్చింది. గిన్నెలో నీళ్లు తెచ్చి, హాల్లో గోడ మూలన కూర్చుని తడపడం మొదలుపెట్టింది. నీళ్లు తెల్లటి టైల్స్ మీద కాలువ కట్టాయి. అప్పుడే దుకాణం నుంచి వచ్చిన బాపు గుమ్మంలో ఆగిపోయాడు.

"అవ్వా, నీళ్లు... జారుతవే!"

అవ్వ తల ఎత్తలేదు. "జారుత అని ఆనాడే చెప్పిన గద," అంది, తడిపిన ఆకును గోనెసంచిలో చుడుతూ. "రేపు జల్ది పోవాలె. పెద్ద కట్ట ఉంది."

బాపు చెప్పులు విడిచి, వెనక కొట్టుగదిలోకి పోయి, ఉన్న గోనెసంచులన్నీ తెచ్చాడు. ఆమె మంచం నుంచి గడప దాకా, మోకాళ్ల మీద కూర్చుని, తన అందమైన టైల్స్ మీద ఒక్కొక్కటే పరిచాడు.