నల్ల దుప్పటి పట్టుకున్న మనిషి

గుడివాడలో మా పక్కింట్లో ఉంటూ ట్యాక్సీ నడిపిన నరసింహారావు బాబాయి పోయి ఇవాళ్టికి ఎనిమిది రోజులు. పెద్దకర్మ నాటికి పటం కట్టించాలి, ఫొటో కావాలంటూ ఆయన భార్య రత్నం పిన్ని సాయంత్రం మా ఇంటికి వచ్చింది.

"లైసెన్సు మీదున్నది చెమటకి చెరిగిపోయింది అబ్బాయ్. నువ్వు తెగ తీసేవాడివిగా, ఓ మంచిది చూసివ్వు."

"నేను తీసింది కారుని, పిన్నీ."

"కారు పక్కనే ఉండేవారు కదా మీ బాబాయి."

ఉండేవారు. అయితే కారు ఫొటోలో మనిషి ఉండరాదన్నది నా సిద్ధాంతం. మనిషి కనిపిస్తే చూపు వాహనం మీద నిలవదని కాలేజీ చర్చావేదిక మీద వాదించి నెగ్గినవాణ్ణి. పాలకాయతిప్ప సముద్రపొడ్డున ఆయన నల్ల అంబాసిడర్‌ను తీసినప్పుడు, తలుపు మీద ఆకాశం ప్రతిబింబించకుండా నల్ల దుప్పటి అడ్డం పట్టుకోమన్నాను. ఎండలో గంటసేపు నిలబడి, "ఫొటోలో నేను పడట్లేదు కదా?" అని ఆయనే పదేపదే అడిగారు.

ఇవాళ పిన్నిని కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి ఫొటోలన్నీ చూపించాను. ఒక్కదానిలో, అంచున, దుప్పటిని పట్టుకున్న నాలుగు వేళ్లు కనిపించాయి. ఆమె తెర మీద వాటిని తాకి, "ఇది పెద్దది చేయించు" అంది.

కారు ఫొటో బాగా రావాలంటే ఏం చేయాలని అడిగే మిత్రులకు ఇన్నాళ్లూ కోణం గురించీ వెలుతురు గురించీ ఉపన్యసించాను. ఇవాళ చెప్పేది ఒక్కటే: ముందు యజమానిని కారు పక్కన నిలబెట్టి ఒకటి తీయండి. నా పాత సిద్ధాంతాన్ని సమర్థించేవారు ఇంకా ఉంటే కింద కామెంట్లలో రాయండి. రేపు స్టూడియోకి వెళ్లి, ఆ నాలుగు వేళ్లకు పటం కట్టించి వచ్చాక జవాబిస్తాను.