కరుగదు

నలభై ఎనిమిదేళ్ల వయసులో నాకు అక్షరాలు వచ్చాయి. శామీర్‌పేటలో మా చర్చిలో ఆదివారం ఆరాధన అయ్యాక పాస్టరమ్మ నలుగురు ఆడవాళ్లను కూర్చోబెట్టి బైబిలు చదివించేది. ఆ వాక్యాలు నేను ఏళ్ల తరబడి విన్నవే. మొదటి రెండు అక్షరాలు కూడబలుక్కుంటే మిగతాది దానంతటదే నోటికి వచ్చేది. "అందరికన్న నువ్వే జల్దీ చదువుతున్నవ్" అని పాస్టరమ్మ మెచ్చుకునేది. నిజంగానే చదువుతున్నాననుకున్నాను.

నా బిడ్డది ఇంగ్లీషు మీడియం. రెండో భాష హిందీ. తెలుగు చదవడం రాదు. చిన్నప్పుడు చెంప మీద లేచిన గడ్డను కోయించాక అక్కడ వేలి కొన పట్టేంత గుంట మిగిలింది. బడిలో "గుంట పోరి" అని ఏడిపించేవాళ్లు. తుర్కపల్లిలో ఒక కంపెనీలో ఉద్యోగం వచ్చాక కూడా ఎవరితో మాట్లాడినా చెయ్యి చెంప మీదికి పోయేది.

మేడ్చల్‌లో ఒక బ్యూటీ పార్లర్‌లో ఫిల్లర్ వేస్తారని ఎవరో చెప్పారట. చర్మం కింద సూదితో జెల్లు నింపితే గుంట పూడుతుంది. "ఏడాదికి కరిగిపోతదట అమ్మా. నచ్చకపోయినా ఫికర్ లేదు" అని ఆటోలో దారి పొడుగునా చెప్పింది.

పార్లర్ ఆమె సంతకానికి ఒక కాగితం ఇచ్చింది. ఇంగ్లీషు కాగితాలు అయిపోయాయట.

"అమ్మా, ఇది తెలుగుల ఉన్నది. ఏం రాసిర్రో జర చదువు."

నా బిడ్డ నన్ను చదవమని అడగడం అదే మొదటిసారి.

"అబ్బో, ఆంటీకి చదువొస్తదా!" అని పార్లర్ ఆమె నవ్వింది. ఆ నవ్వు ముందు ఒక్కొక్క అక్షరం మీద వేలు పెట్టి కూడబలుక్కోవడానికి నాకు నామోషీ అనిపించింది. 'ఈ మందు శరీరంలో' అని గబగబా చదివాను. తర్వాతి మాటలో 'కరు' వరకు కనబడింది.

"కరుగుతది బిడ్డా, నువ్వన్నట్టే రాసిర్రు" అన్నాను.

బిడ్డ సంతకం పెట్టింది.

కొన్ని నెలలు చెంప నున్నగా ఉంది. ఫోన్లో ఫొటోలు తీసుకుని చర్చిలో ఆడపిల్లలకు చూపించుకుంది. తర్వాత అక్కడే చింతగింజంత గడ్డ కట్టి, ఎర్రగా పైకి తేలింది.

సికింద్రాబాద్‌లో చర్మం డాక్టరమ్మ పార్లర్‌లో మాకిచ్చిన ఆ కాగితం కాపీ, దానికి అంటించిన మందు స్టిక్కరు చూసింది. "ఫిల్లర్లన్నీ ఒకటి కావమ్మా. నీటిని పట్టుకునే జెల్లు రకం కొన్నాళ్లకు కరుగుతుంది, తొందరగా కరిగించాలంటే సూది కూడా ఉంది. కాల్షియం రకానికి అలాంటి సూది లేదు, నెమ్మదిగా అదే పోవాలి. మీకు వేసింది సన్నటి ప్లాస్టిక్ పూసలున్నది. అది ఎప్పటికీ పోదు. వాపు తగ్గడానికి సూదులు వేసి చూద్దాం. తగ్గకపోతే కోయాల్సి రావచ్చు."

బయటికి రాగానే బిడ్డ ఊగిపోయింది. "కరుగుతది అని కాయితం మీద రాసిచ్చి మోసం జేసిర్రు! పా అమ్మా, ఇప్పుడే పోయి అడుగుదాం. నువ్వే చదివినవు గదా, నువ్వే సాక్ష్యం."

కాగితం బిడ్డ చేతిలోంచి తీసుకున్నాను. ఈసారి వేలు పెట్టి చదివాను. క. రు. గ. దు.

"కరుగదు అనే రాసిర్రు, బిడ్డా."

"మరి ఆ దినం?"

"ఆ దినం నేను చదవలే. నువ్వు ఆటోల చెప్పిందే మళ్ల నీకు చెప్పిన."

అరుస్తుందనుకున్నాను. అరవలేదు. "నాకు రాదు అంటే అయిపోతుండె గదమ్మా. ఇంకెవర్నన్న అడుగుతుంటి" అంది.

పోయిన వారం మొదటి సూదికి నేనూ వెంట వెళ్లాను. అక్కడా సంతకం కోసం తెలుగు కాగితమే ఇచ్చారు. నేను చెయ్యి చాపాను. బిడ్డ చూసింది. చూసి, నా మీదుగా వంగి నర్సుకు ఇచ్చింది.

"అక్కా, గిది జర చదివి చెప్తవా?"


నర్సు చదువుతుంటే నేనూ విన్నాను.