అమీరు కొలువులో తాగని కాఫీ

మా ఎడారి పల్లెలో మొదటి బావి తవ్వించింది నేను. ఒంటెల పందెంలో పక్క తెగ వాళ్లందరినీ వెనక్కి నెట్టింది నేను. రెండు కుటుంబాల రక్తపు పగను మాటలతో ఆర్పిందీ దుగైమ్ అనే ఈ నేనే. అయినా, కాఫీ తాగకుండా కూర్చున్న ఆ పొద్దు ముందు ఇవన్నీ చిన్నవే.

మా తెగల్లో ఏదైనా అడగడానికి ఒకరింటికి వచ్చినవాడు కాఫీ తాగకుండా కప్పు కింద పెడతాడు. ఇంటివాడు మాట ఇస్తేనే తాగుతాడు. తాగాక మళ్లీ అడగకూడదు. తాగకుండా లేచి వెళ్లిపోతే పరువు పోయేది ఇంటివాడిదే.

మమ్మల్ని ఏలే అమీరు మా బావుల మీద తన మనిషిని పెద్దగా పెట్టాడు. అతనికి నచ్చినవాళ్లకే నీళ్లు. ఆ పెద్దను మేమే ఎన్నుకుంటామని అడగడానికి నేనూ, మా చిన్నాన్న కొడుకు ముత్లఖూ కొలువుకు వెళ్లాం. కప్పు కింద పెట్టి అడిగేశాను.

అమీరు నవ్వాడు. "నీళ్లేగా బాబాయ్! ఇంకో బావి ఇస్తా. ఆసుపత్రి ఇస్తా. వాణ్ణి తీసేసి నిన్నే పెడతా. తాగు!"

నన్నే! గుండె పందెపు ఒంటెలా దూకింది.

"తాగావంటే నిన్ను గాడిద మీద ఊరికి తీసుకెళ్తా," అని ముత్లఖ్ చెవిలో గొణిగాడు.

"ఇచ్చేది మీరైతే తీసేసేదీ మీరే, దీర్ఘాయుష్మంతుడా," అన్నాను. "మమ్మల్ని ఎన్నుకోనివ్వండి."

అమీరు నవ్వు ఆగిపోయింది. "నేనిస్తే నాకు సలాం కొడతారు. మీరే ఎన్నుకుంటే ఎవరికి కొడతారు? ఇవాళ బావికి పెద్ద, రేపు ఊరికి, ఎల్లుండి ఈ గద్దెకు! మా తాత ఎవర్నీ అడిగి ఇది ఎక్కలేదు."

లేచాను. కప్పు అక్కడే ఉంది.

బావి దగ్గర అమీరు మనిషి కదల్లేదు. మా గుడారంలో మాత్రం ఊరు ఊరంతా కేకలు! మళ్లీ కొలువుకు ఎవరు వెళ్లాలో మనమే తేల్చుకుందామన్నారు. నాకొక గిన్నె, ముత్లఖ్‌కొక గిన్నె. ఆడవాళ్లూ వచ్చి తమకు కావలసినవాడి గిన్నెలో ఖర్జూరపు గింజ వేశారు. ముత్లఖ్ గిన్నె పొంగింది. నాది అడుగైనా నిండలేదు.

"ఏం అన్నా, కుళ్లుకుంటున్నావా?" అన్నాడు.

"కుళ్లుకోనా మరి! అయినా నిన్ను పెట్టింది అమీరు కాదురా, మేము!" అంటూ భుజాల మీదకెత్తబోయాను. నడుం పట్టేసింది. ఇద్దరం ఇసుకలో పడి నవ్వాం.

తెల్లారగానే, కొలువుకు బయల్దేరే అతని ఒంటెకు జీను నేనే కట్టాను.