పెద్దబాపు పటం కట్టిన కోతి

పెద్దబాపు పోయాడన్న కబురు నాకు సిరిసిల్లలో అందింది. బట్టలు కుట్టే యూనిట్‌లో లెక్కలు చూసే ఉద్యోగం నాది. మిషన్ల చప్పుడులో అమ్మ మాట రెండుసార్లు అడిగితే గానీ అర్థం కాలేదు. "దుకాణంలనే కూలవడ్డడు బిడ్డా. దవాఖాన దాక గూడ ఆగలే."

వేములవాడ మీదుగా కోరుట్ల చేరేసరికి ఆయన్ని వాకిట్లో పడుకోబెట్టారు. తల దగ్గర దీపం. దీపం పక్కన ఆయన ఫోన్. నేను కాళ్లు మొక్కి లేస్తుంటే అది టింగుమంది. ఏడుపులు ఒక్క క్షణం ఆగి మళ్లీ మొదలయ్యాయి. కాసేపటికి మళ్లీ టింగుమంది.

"ఏందే అది? బంద్ చెయ్యరాదు," అంది మా మేనత్త.

"ఉండనియ్యి," అంది పెద్దమ్మ. "కాయిన్ రేటు పెరిగినప్పుడల్ల మోగేటట్టు ఆయనే వెట్టుకున్నడు. మోగనియ్యి."

పాడె లేచేదాకా అది మోగుతూనే ఉంది. మోగినప్పుడల్లా అందరి చూపూ ఆయన ముఖం మీదికి పోయేది, ఆయనకు వినపడిందేమో అన్నట్టు.

పెద్దబాపు మా నాన్నకు అన్న. దుబాయిలో ఎత్తయిన భవనాలకు అద్దాలు బిగించే పని చేసి, మోకాళ్లు అరిగాక తిరిగొచ్చి, కోరుట్లలో పటాల దుకాణం పెట్టుకున్నాడు. గోడకు సగం దేవుళ్లు, సగం చనిపోయినవాళ్లు. పోయినవాళ్ల ఫొటోకి అద్దం వేసి, అంచులు కొట్టి, పేపర్ చుట్టేటప్పుడు ముఖం మాత్రం బయటికి ఉంచేవాడు. ఎందుకని అడిగితే, "ఇంటికి వోతున్నరు గదా, తొవ్వ చూసుకుంట పోవాలె," అనేవాడు. చెప్పేది నవ్వుతూనే, కానీ ముఖం మూసి చుట్టగా నేనెప్పుడూ చూడలేదు.

డిగ్రీ చదివే రోజుల్లో జగిత్యాల హాస్టల్ నుంచి పారిపోయి వచ్చినప్పుడల్లా నేను ఆ దుకాణంలోనే కూర్చునేదాన్ని. "దీని కాళ్లకింద చక్రాలున్నయి," అని చాయ్ తెప్పించేవాడు. ఎందుకొచ్చావని ఒక్కసారీ అడగలేదు. ఆ అడగకపోవడం ఎంత పెద్ద ఉపకారమో నాకు ఇప్పుడు తెలుస్తోంది. అద్దం తుడవడం నేర్పింది కూడా ఆయనే. "ఎదురుంగ నిలవడితె నువ్వే కనవడుతవ్. జెర పక్కకు జరిగి చూడు, లోపటున్నది కనవడుతది." నేను చూడటం నేర్చుకున్నది అక్కడే.

ఆ కాయిన్ ఆయన దగ్గరికి దుబాయి పాత దోస్తుల వాట్సాప్ గ్రూపులో వచ్చింది. గుర్తుగా కాషాయం రంగు ముఖంతో, పళ్లు బయటపెట్టి నవ్వే కోతి. వేరే ఊళ్లో అయితే అది కార్టూన్ బొమ్మ. మా దగ్గర మల్యాల దాటితే కొండగట్టు ఆంజనేయుడి గుడి. ఏటా సగం ఊరు అంజన్న మాల వేసుకుంటుంది. కాషాయం, కోతి - మనవాళ్లకు ఇంకేం కావాలి? ఆయన మాట విని కాయిన్ కొన్నవాళ్లు ఆ బొమ్మను ప్రింటు తీయించుకుని పటం కట్టించుకోవడానికి వచ్చారు. పెద్దబాపు అద్దం వేసి, సిందూరం నూనెలో కలిపి నుదుట బొట్టు పెట్టి ఇచ్చేవాడు. దీక్షలో ఉన్నన్నాళ్లూ కాయిన్ అమ్మకూడదనుకున్నారు. తర్వాత అసలు అమ్మడమే తప్పనుకున్నారు. దేవుణ్ణి ఎవరమ్ముతారు?

మీలో తెలియనివాళ్లకు చెబుతాను. మీమ్ కాయిన్ అంటే ఎవరో సరదాకో మోసానికో ఒక బొమ్మ పేరుతో ఇంటర్నెట్‌లో పుట్టించిన నాణెం. దాని వెనక పంట లేదు, మగ్గం లేదు, దుకాణం లేదు. నా తర్వాత వచ్చేవాడు నాకంటే ఎక్కువ ఇస్తాడన్న ఆశే దాని ధర. పుట్టించినవాడి చేతిలోనే చాలాభాగం ఉంటుంది. వాడు అమ్ముకుని పోయిన రోజు మిగతావాళ్లకు బొమ్మ మిగులుతుంది.

ఇదంతా పెద్దబాపుకీ చెప్పాను.

"గిది అంజన్న గాదు పెద్దబాపు. ఎవడో నవ్వులకు గీసిన కోతి."

"అయితేంది? కొండగట్టు మీది కోతులకు మనం దండం వెడ్తలేమా?"

"ఆ కోతి కొబ్బరిచిప్పే గుంజుకపోతది. గిది ఇల్లు గుంజుకపోతది."

"నీ నోటికి బయపడి పెండ్లి సూపులకు ఎవ్వడు రాడు పో," అని పగలబడి నవ్వాడు. ఆయన వెనక గోడ నిండా కోతులు కూడా నవ్వుతున్నాయి.

ఆ నవ్వు చివరిసారి వెళ్లినప్పుడు లేదు. దుకాణంలో ఒక్కడే కూర్చుని ఫోన్‌లో ధర ఎక్కిదిగే గీతల బొమ్మ చూస్తున్నాడు. పెరిగితే పచ్చగీత, తగ్గితే ఎర్రగీత పడాలి.

"పక్కకు జరిగి సూసిన బిడ్డా," అన్నాడు. "గిందుల ఒక్క ఎర్రగీత లేదు. గింత మంది కొన్నరు గదా, ఎవ్వలకు ఏ కష్టం రాలేదా? ఎవ్వలింట్ల ఎవ్వలు దవాఖానల పడలేదా? ఒక్కడన్న అమ్మకపోవునా?"

వీర్నపల్లిలో ఆయన మాట మీద కొన్న రైతు, భార్య ఆపరేషన్ కోసం తనది అమ్మిపెట్టమని వచ్చాడట. పెద్దబాపు ఎంత నొక్కినా కాలేదు. నేనూ నొక్కాను. చక్రం తిరిగి, తిరిగి, కుదరలేదని చూపించింది. కొనడానికి నొక్కితే మాత్రం వెంటనే అయిపోతోంది. ఇలాంటివి ఉంటాయని చదివాను: కొనడం అందరికీ, అమ్మడం మాత్రం పుట్టించినవాడొక్కడికే. లోపలికి తలుపుంది, బయటికి లేదు. లోపల ఎంతమంది చేరితే అంత ధర పెరిగినట్టు కనిపిస్తుంది.

ఫోన్ బోర్లించి పెట్టాడాయన. "అందరికి చెప్పాలె. నా మాట వట్టుకునే ఏసిండ్రు," అన్నాడు. "మాలేసుకున్నోళ్లను కొండగట్టుకు వొయ్యి మాల తీసి రానీ. దీక్షల ఉన్నోళ్లకు గిసొంటి మాట చెప్పద్దు."

వాళ్లు కొండ నుంచి తిరిగి రాకముందే ఆయన పోయాడు.

అప్పటికి ఈ సంగతి తెలిసింది నాకూ పెద్దమ్మకూ మాత్రమే. ఆయన పోయాక గ్రూపు నుంచి ఎవరో పెద్దమ్మకు ఫోన్ చేసి, ఫీజు కడితే పెద్దబాపు డబ్బంతా బయటికి వస్తుందని "అక్కా, అక్కా" అంటూ తియ్యగా చెప్పాడు. పెద్దమ్మ కట్టలేదు. కానీ నిజం బయటపెట్టడానికీ ఆమెకు నోరు రాలేదు.

"చెప్తే ఆయన దొంగయితడే," అంది. "బతికున్నప్పుడు ఒక్కలతోని మాటవడలే. సచ్చినంక నేను మాటవడనిద్దునా?"

నేనూ ఎవరికీ చెప్పలేదు. ఆయన పేరు ఆమెది కూడా.

దినాల నాడు వాకిట్లో భోజనాల బంతి సాగుతోంది. గొల్లపల్లి నుంచి వచ్చిన ఒకాయన నాకు కొత్త. అన్నం కలుపుతూ పెద్దమ్మతో అన్నాడు: "మొన్ననే నేను గూడ కాయిన్ల పైసలు ఏసిన వదినె. అన్న అంత ధైర్నం చెప్పినంక ఇంకేం బయం?"

పెద్దమ్మ చేతిలో గరిటె ఆగింది. "ఏ అన్న?"

"మన అన్ననే. నాకు ఆయన పోయిన ముచ్చట నిన్ననే ఎరుకైంది." ఎడమచేత్తో ఫోన్ తీసి నొక్కాడు. పెద్దబాపు గొంతు వాకిలంతా పరుచుకుంది: "ఏం బయపడకుండ్రి తమ్మీ. అంజన్న ఉన్నడు, నేనున్న."

ఎప్పుడో గ్రూపులో పెట్టిన మాట. దాన్నే ఎవరో ఊరూరికీ పంపుతున్నారు. ఆయన చితి ఆరిపోయాక కూడా ఆయన గొంతు మనుషుల్ని లోపలికి పిలుస్తోంది.

పెద్దమ్మ గరిటె కింద పెట్టింది.

"జెర ఇనుండ్రి," అంది. "మీ అన్న తెల్వక చెప్పిండు. తెలిసినంక చెప్పెతందుకు టైం దొరకలే. గా కాయిన్ల ఏసినయి ఎవ్వలకు ఎనుకకు రావు. మీరే అమ్మి సూడుండ్రి. ఇగ ఒక్క పైస ఏయకుండ్రి. ఆయన గొంతు ఇనవడితె నమ్మకుండ్రి. ఆయన లేడు."

అంతవరకూ ఏడ్వనిది, ఆ చివరి మాటకు ఏడ్చింది.

ఒక్కొక్కరూ ఎడమచేత్తో ఫోన్లు తీసి అమ్మడానికి నొక్కారు. ఒక్కరికీ కుదరలేదు. ఎంగిలి చేతుల మీద అన్నం ఎండిపోతోంది. సిరిసిల్ల నుంచి వచ్చిన నేతాయన పైకి చూడకుండానే, "మొగడు ముంచిండు, పెండ్లాం చాటింపేస్తుంది," అన్నాడు. ఎవరూ ఆయన్ని ఆపలేదు. వీర్నపల్లి రైతు మాత్రం విస్తరి మడిచి, పెద్దమ్మ ముందు ఒక్క క్షణం నిలబడి, తలూపి వెళ్లిపోయాడు.

తెల్లవారి నేనూ పెద్దమ్మా దుకాణం తెరవడానికి వెళ్లాం. షట్టర్‌కు ఆనించి, ముఖాలు లోపలివైపు తిప్పి, వరసగా పటాలున్నాయి. ఎప్పుడు తెచ్చారో, ఎవరు తెచ్చారో ఎదురుగా ఉన్న చాయ్ బండివాడు కూడా చూడలేదట. ఒక్కొక్కటి తిప్పాను. అన్నిటి మీదా బొట్టు తుడిచేసి ఉంది. అద్దం మీద నూనె మరక, దాని వెనక అదే నవ్వు.

చివరిదాని నుదుట మాత్రం సిందూరం చెదరలేదు. పెద్దమ్మ వేలితో ముట్టింది. ఈ పొద్దున్నే ఎవరో కొత్తగా పెట్టినట్టు ఇంకా తడిగానే ఉంది, వేలికి అంటింది.