ప్రెసిడెంటు భార్య పుట్టిన గది

పోయిన వేసవిలో మా చెల్లెలి కూతురు లలిత దగ్గరికి అమెరికా వెళ్ళాను. పూర్వం ఒక ప్రెసిడెంటు గారి భార్య పుట్టిన ఇంటిని ఆ పక్క ఊళ్ళో భద్రంగా ఉంచారట. టిక్కెట్టు లేదంటేనే లోపలికి నడిచాను.

అదో చిన్న చెక్క ఇల్లు. దాన్ని చూపించే ఆవిడది ఇంచుమించు నా ఈడే. ఒక గదిలో మంచం చూపించి, తొలిచూలు పిల్లగా ప్రెసిడెంటు గారి భార్య పుట్టింది దీని మీదేనంది.

"అయితే ఇది అమ్మమ్మ గారిల్లన్నమాట," అన్నాను. మా వైపు తొలికాన్పు పుట్టింట్లోనే.

లలిత అడిగి చెప్పింది. "కాదు పెద్దమ్మా, నాన్న గారిల్లే. అత్తగారే పురుడు పోసిందట."

"అదేం చోద్యమే!" అని మా పద్ధతి చెప్పించాను. ఆవిడ శ్రద్ధగా విని ఏదో అడిగింది.

"తల్లి లేని పిల్లనైతే మీరెక్కడికి పంపుతారంటోంది," అంది లలిత.

గుణదలలో మా మనవడి భార్య స్వాతికి అప్పటికి ఏడో నెల. తల్లి లేదు. అయినా కాన్పుకు మైలవరంలో వాళ్ళ నాన్న దగ్గరికే వెళ్ళాలని పట్టుబట్టింది నేనే.

బయటికి రాగానే ఫోను కలపమన్నాను.

"స్వాతీ, మైలవరం ప్రయాణం మానెయ్యి. ఆస్పత్రి నుంచి నేరుగా మనింటికే రావాలి. పథ్యం నేను చూసుకుంటాను."

"మరి ఆచారమన్నారు కదండీ మామ్మగారూ?"

"అప్పుడు చెప్పిందీ నేనే, ఇప్పుడు చెబుతున్నదీ నేనే," అని ఫోను పెట్టేశాను.