సొరుగులో నూలుపోగు

వాన పట్టిందంటే చాలు, మా అమ్మాయి రాసుకునే బల్ల సొరుగులోంచి సన్నగా చేప వాసన వస్తుంది. సొరుగులో చేప లేదు. ఎండిన చేప దవడ ఒకటి కొన్నాళ్ళు ఉండేది, ఇప్పుడది కూడా లేదు. వాసన మాత్రం ఇల్లు ఖాళీ చేయనని మొండికేసింది. అది తగిలినప్పుడల్లా నాకు పొందూరులో మా పక్కింటి అప్పలనర్సమ్మత్త గుర్తొస్తుంది. అనుమానించడం నాకు నేర్పింది ఆవిడే.

అత్త సన్నఖద్దరుకు నూలు వడికేది. ఆవిడ వడుకుతుంటే మేము వణికేవాళ్ళం. వాలుగ చేప దవడకు దువ్వెన పళ్ళకన్నా సన్నటి పళ్ళుంటాయి. దానితో పత్తిని గింజ మీదే దువ్వి, నలకా నలుసూ లేకుండా చేసేది. పత్తిని అంత మెత్తగా దువ్విన మనిషి నన్ను మాత్రం ఒక్కనాడూ దువ్వలేదు. బడి నుంచి వచ్చి పక్కన కూర్చుంటే, ముందు నా చేతులు తిప్పి చూసేది, జిడ్డుందేమోనని. పాలవాడి చెంబులో వేలు ముంచి చూసేది. బయటికి వెళ్తే తన సామాను బుట్ట మూత మీద అడ్డంగా ఒక నూలుపోగు అంటించి వెళ్ళేది. పోగు తెగిందంటే చెయ్యి పడ్డట్టే, ఇంక సాక్ష్యం అక్కర్లేదు. నాకు అదంతా గొప్ప విద్యలా కనిపించేది. ఆవిడ దగ్గర నూలు వడకడం రాలేదు గాని, అనుమానాలు పోగుచేయడం బాగానే వచ్చింది.

నాకు పదేళ్ళప్పుడు ఒకరోజు పోగు తెగింది. బుట్టలో దవడ లేదు. అది అలాంటిలాంటిది కాదు, ఎన్నో దవడలు చూసి, వేలితో మీటి, ఏరుకున్నది. ఆ పూట వాళ్ళింట్లోకి వెళ్ళింది నేనొక్కదాన్నే. అరుగు మీద నలుగురు ఆడవాళ్ళు కూర్చుని ఉండగా అడిగింది.

"ఏటే, నువ్వే తీసావా? నిజం సెప్పు."

"నాను తియ్యనేదత్తా."

"పోగు అబద్ధమాడదే."

నేను ఆడానని దాని అర్థం. మా అమ్మ కూడా నా పుస్తకాల సంచి దులిపి చూసింది. ఆ దులపడం ఇప్పటికీ తలుచుకోబుద్ధి కాదు. పది రోజులు నేను ఆ గడప తొక్కలేదు. తర్వాత అత్త వాళ్ళ అటక మీంచి కట్టెలు దించుతుంటే, పిల్లి ఈనిన గోనెసంచిలో దవడ దొరికింది. చేప వాసనకు పిల్లే మూత తోసుకుని పట్టుకుపోయింది. తాను తెగానని పోగు చెప్పగలదు గాని, ఎవరు తెంపారో చెప్పలేదన్న సంగతి మా ఇద్దరికీ అప్పుడే తెలిసింది.

అత్త క్షమించమనలేదు. ఆవిడకు ఆ మాట అలవాటు లేదు. దవడను గుడ్డలో చుట్టి మా ఇంటికొచ్చి, అరుగు మీద అప్పటి ఆ నలుగురూ చూస్తుండగా, నా చేతిలో పెట్టింది.

"ఇకమీదట ఇది నీ దగ్గరే ఉంటాది. కావాలంటే నానే వస్తాను, నిన్నడిగి తీసుకుంటాను."

అన్నట్టే రోజూ పొద్దున్నే మా గుమ్మంలో నిలబడి అడిగి పట్టుకెళ్ళేది, సాయంత్రం తెచ్చిచ్చేది. ఆవిడ పోయాక ఆ దవడ నాతోనే శ్రీకాకుళం వచ్చింది.

కిందటేడు మావారికి విజయనగరం బదిలీ అయింది. నా టీచరు ఉద్యోగం ఇక్కడే ఉండిపోయింది. అమ్మాయి పదో తరగతి అప్పుడే పూర్తిచేసింది. ఉన్న ముగ్గురం రెండిళ్ళయ్యాం. సరిగ్గా ఆ రోజుల్లోనే పిల్ల తలుపు దగ్గరగా వేసుకోవడం, నేను వెళ్తే ఫోను బోర్లించడం, సొరుగు చప్పున మూయడం మొదలుపెట్టింది. నాలోని అత్త మేలుకుంది. ఎవడో కుర్రాడని నిశ్చయించేసుకున్నాను, వాడికో పేరు పెట్టడం ఒక్కటే తక్కువ. ఒక మధ్యాహ్నం అది స్నేహితురాలి ఇంటికెళ్ళినప్పుడు సొరుగు లాగాను.

వేలికి ఏదో సన్నగా తగిలి తెగింది. తెల్లటి నూలుపోగు. చిన్నప్పుడు అన్నం తినిపిస్తూ దానికి ఈ కథ చెప్పింది నేనే.

లోపల కుర్రాడెవడూ లేడు. విజయనగరం కాలేజీ దరఖాస్తు ఉంది. అన్నీ నింపి, తల్లి సంతకం చోటు మాత్రం వదిలేసింది. అంటే నన్ను కూడా వదిలేసి వెళ్తుందా? కుర్రాడైతేనే బాగుండేదనిపించింది, కనీసం తిట్టడానికి ఒకడు ఉండేవాడు. పోగు మళ్ళీ అంటించేయవచ్చు, ఇంట్లో నూలుకేం కరువు. చెయ్యి అటే వెళ్ళింది కూడా. అరుగు మీద అందరి ముందూ నడిచొచ్చిన అత్త గుర్తొచ్చి ఆగాను.

సాయంత్రం అది గుమ్మంలో చెప్పులు విప్పుతుండగానే చెప్పేశాను.

"నీ సొరుగు తీశాను. పోగు నేనే తెంపాను."

"సూసీసావా?"

"చూశాను. ఎందుకు చెప్పలేదే?"

"నాన్నకక్కడ వంట రాదు, నీకిక్కడ తోడుండదు. ఎటు సెప్పినా ఒకరికి అన్నాయమే. అక్కడ కాలేజీ బాగుంటాదమ్మా. నువ్వు ఒద్దంటావని కాదు, ఏడిసి సరే అంటావని సెప్పనేదు."

ఏడవలేదని చెబితే మీరు అనుమానిస్తారు, వదిలేయండి. సంతకం పెట్టాను. బీరువాలోంచి దవడ తీసి దాని చేతిలో పెట్టి, అత్త అన్న మాటే అన్నాను. "నీ దగ్గరే ఉంచుకో. కావాలంటే నేనే వస్తాను, అడిగి తీసుకుంటాను." వెళ్ళేదాకా దాన్ని ఆ సొరుగులోనే దాచుకుంది. ఆ తర్వాత సొరుగుకి పోగు కట్టలేదు.

అనుమానం పోయిందనుకునేరు, పోలేదు. శనివారాలు బస్సెక్కి విజయనగరం, తండ్రీకూతుళ్ళ దగ్గరికి వెళ్తాను. మొన్న వెళ్ళేసరికి మంచం మీద దాని సంచి నోరు తెరుచుకుని ఉంది, గదిలో ఎవరూ లేరు. చేతులు రెండూ వెనక్కి కట్టుకుని నిలబడ్డాను. అది లోపల్నుంచి వచ్చి చూసింది.

"ఏటమ్మా, అలా నిలబడ్డావు?"

"ఆ దవడ ఒకసారి కావాలి," అన్నాను. "ఇస్తావా?"